పుస్తకాల దుకాణానికి పోయొద్దాం



మన రాత్రి బడిలో వాచకం అయిపోయింది. గుణింతాలు వచ్చాయి. ఒత్తులు వచ్చాయి. బస్సు బోర్డు మీరే చదువుతున్నారు. సంఘం లెక్కల పుస్తకంలో మీ పేరు ఎదురుగా ఎంత రాశారో మీరే చూసుకుంటున్నారు.

మొన్న మా వాడ పెద్దమ్మ ఒకామె నన్ను అడిగింది. "బిడ్డా, గీ పుస్తకం రెండుసార్లు సదివిన. ఇంక ఏం సదవాలె?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను టీచర్ ట్రైనింగ్ చేశాను. అక్షరాలు ఎట్లా నేర్పాలో అక్కడ చెప్పారు. అక్షరాలు వచ్చినాక ఆ మనిషి చేతిలో ఏ పుస్తకం పెట్టాలో చెప్పలేదు.

ఇది చిన్న సంగతి కాదు. పోయిన ఏడు మన బడిలో ఒక అక్క చకచకా చదివేది. ఈ ఏడు పెండ్లిపత్రిక చేతికిస్తే మూడో అక్షరం దగ్గర ఆగిపోయింది. ముఖం చిన్నబోయింది. వాళ్లింట్లో చదివేందుకు ఏమీ లేదు. మనుమడి బడి పుస్తకాలు ఉన్నాయి. అవి ముట్టుకుంటే వాడు గుంజుకుంటాడట. ఏడాది పాటు అక్షరం చూడకపోతే ఎవరికైనా అంతే. కొడవలిని చూరులో చెక్కి వదిలేస్తే తుప్పు పట్టదా?

అందుకే ఈసారి పుస్తకాల దుకాణం ముచ్చట రాస్తున్నాను.

"ఏ క్లాసుకు?"

తొర్రూరులో పుస్తకాల దుకాణాలు లేవా అంటారు. ఉన్నాయి. బడి తెరిచే జూన్ నెలలో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. నోటుబుక్కులు, గైడ్లు, పలకలు, పెన్నులు దొరుకుతాయి. ఉగాదికి పంచాంగం దొరుకుతుంది. కథల పుస్తకం మాత్రం దొరకడం కష్టం.

పెద్దమ్మను తీసుకొని ఒక దుకాణానికి పోయాను. "చదువుకునే పుస్తకం కావాలె" అన్నాను. అక్కడున్న పిల్లగాడు తల ఎత్తకుండానే "ఏ క్లాసుకు?" అన్నాడు.

"నాకే బిడ్డా" అన్నది పెద్దమ్మ.

పిల్లగాడు నవ్వాడు. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. కానీ బయటికి వచ్చినాక ఇల్లు చేరే దాకా మాట్లాడలేదు.

ఆ పిల్లగాడి మీద నాకు కోపం లేదు. అరవై ఏండ్ల మనిషి తన కోసం పుస్తకం అడగడం అతను అదే మొదటిసారి చూశాడేమో. ఇంకో నలుగురం పోయి అడిగితే ఐదో ఆమెను చూసి నవ్వడు.

కథల పుస్తకాలు ఎందుకు పెట్టరు? లెక్క చూద్దాం. పుస్తకం వెల 100 రూపాయలు అనుకోండి. అందులో దుకాణం వాళ్ల వంతు 25, 30 రూపాయలు. మిగిలింది పుస్తకం అచ్చు వేసినవాళ్లకు పోతుంది. దుకాణం కిరాయి నెలకు 5000 అనుకోండి. పుస్తకానికి 25 రూపాయల లెక్కన 200 పుస్తకాలు అమ్మితే కిరాయి మాత్రమే వస్తుంది. కరెంటు బిల్లు ఎట్లా? ఇంట్లో తిండి ఎట్లా? గైడ్లయితే జూన్‌లోనే అన్నీ అమ్ముడుపోతాయి. కథల పుస్తకం ఏడాదిపాటు దుమ్ము పట్టి కూర్చుంటుంది. అడిగేవాళ్లు లేరు కాబట్టి పెట్టరు. పెట్టరు కాబట్టి మనం అడగం. ఈ ముడి ఎక్కడో ఒక చోట విప్పాలి కదా.

హన్మకొండకు పోయాం

శనివారం ముగ్గురం బయలుదేరాం. పెద్దమ్మ, మిర్చి ఏరబోయే ఒక అక్క, నేను. 2023 డిసెంబరు 9 నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాం. దారిలో రాయపర్తి, వర్ధన్నపేట బోర్డులు అక్క పైకి చదివింది. ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చూడనీ!

అక్కడ ఒక చిన్న దుకాణం నాకు తెలుసు. పెద్ద కంపెనీది కాదు. ఒక్కాయనే నడుపుతాడు. తను అమ్మే పుస్తకాలు తను చదువుతాడు. అందుకే ఆ దుకాణం అంటే నాకు ఇష్టం.

పెద్దమ్మ గడప బయట చెప్పులు విడిచింది. ఆయన చూసి, "ఇది గుడి కాదమ్మా, తొడుక్కొనే రా" అన్నాడు. అయినా ఆమె విడిచే వచ్చింది. లోపల గోడల పొడుగునా బీరువాలు. పుస్తకాలన్నీ నిలబెట్టి ఉన్నాయి. ఏది ముట్టుకుంటే ఏమంటారో అని ఇద్దరూ చేతులు కట్టుకొని నిలబడ్డారు.

అక్కలారా, ఒక్క మాట చెప్పండి. చీరెల దుకాణంలో మనం ఇట్లాగే నిలబడతామా? ఇరవై చీరెలు విప్పిస్తాం. అంచు చూస్తాం, కొంగు చూస్తాం, రంగు పోతుందా అని అడుగుతాం. ఒక్కటీ నచ్చకపోతే లేచి వస్తాం. పుస్తకం కూడా అంతే. తీసి చూడొచ్చు. చదివి చూడొచ్చు. మళ్లీ అక్కడే పెట్టొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

పుస్తకం చూసే తీరు

నిలబెట్టిన పుస్తకానికి మనకు కనపడేది దాని వీపు. పేరు, రాసినవాళ్ల పేరు అక్కడ ఉంటాయి. తల కొంచెం పక్కకు వంచి చదవాలి.

చేతికి తీసుకున్నాక అట్ట బొమ్మ చూసి మోసపోవద్దు. మొదటి ఒకటి రెండు పేజీలు తిప్పండి. చిన్న అక్షరాలతో ఒక పేజీ ఉంటుంది. ఎప్పుడు అచ్చు వేశారో ఉంటుంది. "వెల" అని ఉంటుంది. "ప్రతులకు" అని కూడా ఉంటుంది. ప్రతులకు అంటే ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఆ చిరునామా, ఫోను నంబరు. ఇది నేర్చుకుంటే చాలా పని జరుగుతుంది. ఎవరింట్లోనైనా మంచి పుస్తకం చూస్తే ఆ పేజీ ఫోటో తీసుకోండి.

తర్వాత నడుమ ఒక పేజీ తెరవండి. పది వరుసలు చదవండి. ఒకటి రెండు మాటలు తెలియకపోతే పరవాలేదు. వరుసకొక మాట దగ్గర ఆగుతుంటే ఆ పుస్తకం ఇప్పుడు వద్దు. మీకు చదువు రాదని కాదు. ఆ పుస్తకం వచ్చే ఏడు చదువుదురుగానీ. అక్షరం సైజు కూడా చూడండి. రాత్రి పూట, పనంతా అయినాక చదివే కండ్లు మనవి. సన్న అక్షరాల పుస్తకం ఎంత మంచిదైనా మూలకు పడుతుంది.

దుకాణం ఆయనను అడగడానికి సిగ్గు పడొద్దు. "నాకు కొత్తగా చదువు వచ్చింది. కథలు కావాలె. ఏడుపు కథలు వద్దు" అని మా అక్క అడిగింది. ఆయన నవ్వలేదు. కొంచెంసేపు ఆలోచించి నాలుగు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పుస్తకాలు మోసినవాళ్లు

పుస్తకాలు మనలాంటివాళ్లకు చేరాలని కష్టపడినవాళ్లు ఇదివరకు కూడా ఉన్నారు. నిజాం కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి అని ఒకాయన. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టారు. ఇంటి పరిస్థితి బాగలేక ఇతరుల ఇండ్లల్లో వంట చేశారు, హోటల్లో పని చేశారు. అట్లాగే చదువుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పేరుతో పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. తానే మోసుకొని తిరిగి అమ్మారు. జైలుకూ పోయారు. ఆయన రాసిన నవల పేరు 'ప్రజల మనిషి'.

1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదలయింది. సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి మొదలైనవాళ్లు నడిపించారు. మంచి పుస్తకం తక్కువ వెలకు, అందరికీ అర్థమయ్యే తెలుగులో ఇవ్వాలని వాళ్ల ఆలోచన. దుకాణం ఆయన మా ముందు పెట్టిన నాలుగింటిలో మూడు వాళ్లు వేసినవే. హైదరాబాద్ పోయేవాళ్లు ఉంటే కాచిగూడలో నవోదయ బుక్ హౌస్ ఉంది. తెలుగు పుస్తకం ఎవరు వేసినా అక్కడ దొరుకుతుందని పేరు.

నేను చెప్పే పుస్తకాలు

మొదటిది 'ఏడు తరాలు'. అమెరికాలో అలెక్స్ హేలీ అనే నల్లజాతి ఆయన 1976లో రాశారు. సహవాసి దాన్ని చిన్నదిగా చేసి తెలుగులో రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదట్లో వేసిన పుస్తకాల్లో ఇది ఒకటి.

కథ ఆఫ్రికాలో గాంబియా అనే చోట మొదలవుతుంది. కుంటా కింటే అనే పిల్లగాడు కట్టె కోసం అడవికి పోతాడు. తెల్లవాళ్లు పట్టుకొని ఓడలో అమెరికాకు తీసుకుపోయి గొడ్డును అమ్మినట్టు అమ్ముతారు. 1767 నాటి సంగతి. పారిపోతుంటే పట్టుకొని పాదం నరికేస్తారు. అతనికి కిజ్జీ అని ఒక బిడ్డ. అక్కడ బానిసలు చదువుకోవద్దు. చదివితే శిక్ష. దొర ఇంటి పిల్ల బడి ఆట ఆడుతూ కిజ్జీకి అక్షరాలు నేర్పుతుంది. కిజ్జీ ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాస్తుంది. ఒకనాడు తను ప్రేమించిన పిల్లగాడు పారిపోయేందుకు దొర రాసినట్టు ఒక చీటీ రాసి ఇస్తుంది. అది దొరుకుతుంది. చదువు వచ్చినందుకు పదహారేండ్ల పిల్లను తల్లి చేతుల్లోంచి గుంజి అమ్మేస్తారు. తల్లి మళ్లీ బిడ్డను చూడదు.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి బయట కూర్చున్నాను. ఏడుపు కథలు వద్దన్న అక్కకు ఇది ఇయ్యలేదు. కానీ మీలో ధైర్యం ఉన్నవాళ్లు చదవండి. అక్షరం ఆడదాని చేతికి వస్తే దొరలు ఎందుకు భయపడతారో ఇందులో తెలుస్తుంది.

రెండోది మన పక్క ఊళ్లది. 'మనకు తెలియని మన చరిత్ర'. 1986లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల గుంపు ఊరూరు తిరిగి, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి తెచ్చిన పుస్తకం. అందులో పాలకుర్తి చిట్యాల ఐలమ్మ ఉంది. మనం చాకలి ఐలమ్మ అంటాం. మన బస్సు పోయే దారిలో రాయపర్తి మండలం ఉంది కదా, అక్కడి కృష్ణాపురంలో 1895లో పుట్టింది. పాలకుర్తిలో కౌలుకు భూమి చేసుకుంటే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆమె పంట గుంజుకోవాలని చూశాడు. సంఘం అండతో ఆమె పంట ఇంటికి తెచ్చుకున్నది. 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఇది లావు పుస్తకం. లావు చూసి భయపడకండి. ఒక్కొక్క ఆమె ముచ్చట విడివిడిగా ఉంటుంది. ముందు ఐలమ్మది చదివి, పుస్తకం మూసి పెట్టొచ్చు. మాటలు కూడా మన ఇంట్లో మాట్లాడుకునే మాటలే.

దీనికి దగ్గరిదే 'చిల్లర దేవుళ్లు'. రాసినాయన దాశరథి రంగాచార్య. మన మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1928లో పుట్టారు. నిజాం కాలపు పల్లె, వెట్టి, గడీలో ఆడబాపలుగా బతికిన ఆడవాళ్ల గోస ఉంటుంది. వాచకం నిన్ననే అయిపోయినవాళ్లకు కొంచెం కష్టం. నలుగురు కూర్చొని ఒకరు చదువుతుంటే వినడానికి బాగుంటుంది.

ఇంట్లో ఉంచుకోవాల్సింది 'వైద్యుడు లేని చోట'. డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో దేశంలో కొండ ఊళ్లలో పని చేసి రాశారు. మొదట 1973లో స్పానిష్ భాషలో వచ్చింది. లోకంలో చాలా భాషల్లోకి పోయింది. పేజీ పేజీకి బొమ్మలు ఉంటాయి. పిల్లలకు విరేచనాలు అయితే నీళ్లు ఎట్లా తాగించాలి, పుండు ఎట్లా కడగాలి, ఎప్పుడు ఆలస్యం చేయకుండా దవాఖానకు ఉరకాలి, ఇవన్నీ ఉంటాయి. ఒక జాగ్రత్త. మందులు కాలం కొద్దీ మారుతుంటాయి. పుస్తకంలో మందు పేరు చూసి మీకు మీరే కొని వేసుకోవద్దు. ఆశ కార్యకర్తనో డాక్టరునో అడగండి.

ఏడుపు లేని కథ కావాలన్న అక్క కోసం దుకాణం ఆయన తీసిన పుస్తకం 'రైలుబడి'. జపాన్ దేశంలో తెత్సుకో కురొయానాగి అనే ఆమె తన చిన్నతనం గురించి 1981లో రాసింది. చిన్నప్పుడు ఆమెను తొత్తోచాన్ అని పిలిచేవాళ్లు. అల్లరి పిల్ల అని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపేస్తారు. తల్లి ఆ సంగతి పిల్లకు చెప్పదు. ఇంకో బడికి తీసుకుపోతుంది. అక్కడ తరగతి గదులు పాత రైలు డబ్బాలు. పెద్దసారు కొబయాషి మొదటి రోజు ఆ పిల్ల చెప్పేదంతా గంటల తరబడి వింటాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆవలించడు.

నేను టీచర్‌ను. ఆ సారును చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మా బడిలో ఒక్క పిల్లకు పది నిమిషాలైనా చెవి ఇయ్యగలుగుతున్నానా? తల్లులు ఈ పుస్తకం చదివితే మా దగ్గరికి వచ్చి కొట్లాడతారేమో. రండి, పరవాలేదు.

దూరం నుంచి తెప్పించుకోవడం

ప్రతిసారీ హన్మకొండ పోలేం. పత్తి ఏరే రోజులు, మిర్చి రోజులు వస్తే అసలే పోలేం. "ప్రతులకు" అని ఉన్న నంబరుకు ఫోను చేస్తే పోస్టులో పంపుతారు. డబ్బులు ఫోన్‌లో వేయొచ్చు.

పోస్టు సంగతి కొంచెం తెలుసుకోవాలి. పుస్తకాలు తక్కువ ఖర్చుతో రిజిస్టరు చేసి పంపే సౌకర్యం ఏండ్ల తరబడి ఉండేది. 2024 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు. చిన్న చిన్న దుకాణాలవాళ్లకు పెద్ద దెబ్బ తగిలింది. పుస్తకం వెల ఎంతో, పంపే ఖర్చూ అంత అయ్యే పరిస్థితి. 2025 మే 1 నుంచి "జ్ఞాన్ పోస్ట్" అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. నూటయాభై, రెండు వందల పేజీల పుస్తకం ఇంచుమించు 300 గ్రాముల లోపే తూగుతుంది. ఒక్కొక్కరం తెప్పించుకుంటే ఒక్కొక్కరికి 20. పది మందిమి కలిసి ఒకే కట్టగా తెప్పించుకుంటే తలా కొంచెమే పడుతుంది. సంఘం మీటింగులో ఈ మాట ఎత్తండి. చిట్టీలు నడిపేవాళ్లం, ఇది నడపలేమా?

కొనే స్తోమత లేదంటారా? లైబ్రరీ ఉంది. అది ఉత్తగా ఇచ్చేది కాదు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు పోతాయి. 1960 నాటి చట్టం ప్రకారం ఇది నడుస్తున్నది. అంటే అక్కడి పుస్తకాల్లో మన పైసలు కూడా ఉన్నాయి. పేపర్ చదివే మగవాళ్లు బల్ల చుట్టూ కూర్చున్నారని మనం గడప దాటం. ఇద్దరిద్దరం కలిసి పోదాం. మొదటి రోజు చూస్తారు. రెండో రోజు జరిగి చోటిస్తారు.

ఎవరేం కొన్నారు

ఇంతకూ మా ముగ్గురిలో ఎవరేం కొన్నారో చెప్పలేదు కదా.

పెద్దమ్మ నేను చెప్పిన పుస్తకాలు ఒక్కటీ కొనలేదు. అన్నీ తిప్పి తిప్పి చూసింది. చివరికి పెద్ద అక్షరాల బొమ్మల రామాయణం పట్టుకున్నది. "కథ నాకు తెలుసు బిడ్డా. తెలిసిన కథయితే అక్షరం తొందరగ దొరుకుతది" అన్నది. నాకు మొదట కొంచెం చిన్నతనం అనిపించింది. పొద్దున్నుంచి ఇన్ని పుస్తకాల గురించి చెప్పుకుంటూ వచ్చాను మరి. తర్వాత ఆలోచిస్తే ఆమె చెప్పిందే సరైన మాట. నా ట్రైనింగ్ పుస్తకంలో కూడా ఇంత సూటిగా లేదు. బేరం ఆడి పది రూపాయలు తగ్గించుకున్నది కూడా. నేనయితే ఎప్పుడూ అడగలేదు!

అక్క 'రైలుబడి' తీసుకున్నది. ఐలమ్మ ఉన్న పుస్తకం కూడా కావాలన్నది. వాళ్ల తల్లిగారి ఊరు పాలకుర్తి దగ్గరే. ఆరోజు దుకాణంలో అది లేదు. ఆయన ఒక నోటుబుక్కు తీసి అక్క పేరు, ఫోను నంబరు రాసుకొని, "తెప్పిస్తనమ్మా" అన్నాడు. పేరు అక్కే రాసింది. ఆయన నోటుబుక్కులో, ఆయన పెన్నుతో.

పన్నెండు రోజులకు ఫోను వచ్చింది. పుస్తకం పోస్టులో తొర్రూరుకు వచ్చింది. ఇప్పుడు అక్క రోజూ రాత్రి అత్తకు చదివి వినిపిస్తున్నది. అత్తకు చిన్నప్పుడు విసునూరు దొర పేరు విన్న గుర్తు ఉందట. అక్క ఒక పేజీ చదివితే అత్త రెండు పేజీల ముచ్చట చెబుతున్నదట. అందుకే పుస్తకం ముందుకు సాగడం లేదని నిన్న బడిలో నవ్వుతూ చెప్పింది. తర్వాత ఏమవుతుందో నన్ను మాత్రం చెప్పొద్దన్నది.